జనం రాని క్షేత్రం

వరదో, వ్యాధో, ప్రమాదమో ఒక పుణ్యక్షేత్రాన్ని గాని, పురావస్తు స్థలాన్ని గాని తాకినప్పుడు అక్కడికి వచ్చే జనం ఒక్కసారిగా తగ్గిపోతారు. కొంతకాలానికి మళ్లీ రావడం మొదలవుతుంది. వచ్చినవారి సంఖ్య పాత సంఖ్యను అందుకున్న రోజున ఆ స్థలం కోలుకున్నదని ప్రభుత్వాలు, పర్యాటక సంస్థలు ప్రకటిస్తాయి. ఈ లెక్కలో కోలుకున్నది ఏది అన్న ప్రశ్నకు చోటు ఉండదు. అది దేవాలయమా, దాని చుట్టూ బతికే మనుషులా, బస్సులకూ హోటళ్లకూ వచ్చే రాబడా, లేక భక్తుడికీ క్షేత్రానికీ మధ్య ఉన్న అనుబంధమా అన్నది తేల్చకుండా పునరుద్ధరణ గురించి మాట్లాడడమంటే రోగి ఎవరో తెలియకుండా రోగం నయమైందని చెప్పడమే. ఆధునిక పర్యాటక శాస్త్రం ఈ ప్రశ్నను పక్కన పెట్టినా, ఆగమాలు, ధర్మశాస్త్రాలు, మీమాంస, బౌద్ధం దీని గురించి చాలాకాలంగా ఆలోచిస్తూనే ఉన్నాయి. ఆపద వచ్చినప్పుడు ఏది ఆగవచ్చు, ఏది ఆగకూడదు, ఆగినదాన్ని తిరిగి ఎలా నిలబెట్టాలి అన్న విషయాలపై వాటికి స్పష్టమైన అభిప్రాయాలున్నాయి.

ఈ అభిప్రాయాలను పరీక్షించి చూడడానికి కృష్ణా డెల్టా తలవాకిట ఉన్న గన్నవరం పరిసరాలు తగిన చోటు. ఇంద్రకీలాద్రి మీది కనకదుర్గమ్మ దర్శనానికి, ఉండవల్లి గుహలకు, అమరావతి స్తూపానికి, కూచిపూడికి, ఘంటసాలకు దూరప్రాంతాల నుంచి వచ్చేవారిలో చాలామంది గన్నవరం విమానాశ్రయంలోనే దిగుతారు. అదే గన్నవరం మండలంలోని కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణమూ, జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియనూ ఉన్నాయి. వాటి ప్రాంగణాలకు 2025 జనవరి 19న ప్రారంభోత్సవం జరిగింది. యాత్రికులు దిగే చోటూ, ఆపదలో ఆదుకునే దళం బయలుదేరే చోటూ ఒకే మండలంలో ఉండడం యాదృచ్ఛికమే అయినా, ఈ చర్చకు అది బాగా అమరింది.

2020 మార్చి 17న భారత పురావస్తు సర్వేక్షణ శాఖ తన రక్షణలోని కట్టడాలన్నిటినీ కోవిడ్ కారణంగా మూసివేసింది. ఆ వారంలోనే ఆంధ్రప్రదేశ్‌లోని పెద్ద దేవాలయాలు భక్తుల దర్శనాలను నిలిపివేశాయి. దేశంలో ఆగిపోయిన ప్రయాణికుల విమానాలు మే 25న, ఆంధ్రప్రదేశ్‌లో ఆ మరునాడు మళ్లీ మొదలయ్యాయి. కట్టడాలను తెరిచేటప్పుడు మాత్రం కేంద్రం ఒక వరుస పాటించింది. పూజలు జరిగే 820 రక్షిత కట్టడాలకు జూన్ 8న అనుమతి వచ్చింది. పూజలు లేని మిగిలిన కట్టడాలు జూలై 6 దాకా ఆగవలసి వచ్చింది. రెంటి మధ్య తేడా నాలుగు వారాలే. అయినా ఆ తేడాలో ఒక తాత్త్విక నిర్ణయం దాగి ఉంది: పూజ ఉన్న చోటు జీవితావసరమనీ, పూజ లేని చోటు కేవలం సందర్శన స్థలమనీ రాజ్యం, బహుశా తాను అలా చెబుతున్నానని గమనించకుండానే, చెప్పినట్లయింది.

ఈ విభజన ఆగమ దృష్టికి కొంతవరకే సరిపోతుంది. ఆగమాలు పూజను రెండు విధాలుగా విడదీస్తాయి. ఒక వ్యక్తి తన కోసం, తన ఇంట్లో చేసుకునేది ఆత్మార్థ పూజ. ఆలయంలో లోకక్షేమం కోసం జరిగేది పరార్థ పూజ. రెండోది ఎవరూ చూడకపోయినా లోకమంతటికీ చెందుతుంది, ఎందుకంటే దాని ఫలం చూసినవారి సంఖ్యను బట్టి నిర్ణయం కాదు. కాబట్టి 2020 వేసవిలో ఇంద్రకీలాద్రి మీద అర్చకులు ఏకాంతంగా, అంటే భక్తులెవరూ లేకుండా, సుప్రభాతం నుంచి పవళింపు సేవ వరకు జరిపిన రోజులలో ఆ ఆలయం ఆగమ దృష్టిలో మూతపడనే లేదు. మూతపడింది క్యూ లైను మాత్రమే. ఈ లెక్కన పర్యాటక శాఖ నష్టంగా రాసుకున్న రోజులు దేవాలయం నష్టపోయిన రోజులు కావు.

అయితే ఇక్కడే వాదన ఆపేస్తే అది సగం సత్యమే అవుతుంది, ఎందుకంటే అదే ఆగమం మూలమూర్తితో పాటు ఉత్సవమూర్తిని కూడా విధించింది. గర్భాలయంలోని విగ్రహం కదలదు. ఉత్సవమూర్తి వీధుల్లోకి వస్తుంది, గుడిలోకి రాలేని ముసలివాళ్లకు, రోగులకు, పనివాళ్లకు వారి వాకిట్లోనే కనిపిస్తుంది. నిత్యార్చనకు జనం అక్కర లేదు. ఉత్సవానికి జనమే ప్రాణం. పైగా ఆలయం అంటే అర్చకుడూ విగ్రహమూ మాత్రమే కాదు. కేశఖండనశాలలో తలనీలాలు తీసే నాయీబ్రాహ్మణులు, పూలదండలు కట్టేవారు, కొబ్బరికాయల దుకాణదారులు, కొండ కింద ఆటోలు నడిపేవారు, తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేసే కొండపల్లి కళాకారులు అందరూ ఆ రాకపోకల మీదే బతుకుతారు. క్షురకులకు నెల జీతం కాక టికెట్టు మీద వాటా ఇవ్వడమే చాలా ఆలయాల్లో ఆనవాయితీ గనుక, దర్శనం ఆగిన రోజున దేవుడి నైవేద్యం ఆగకపోయినా వారి ఇంట్లో పొయ్యి ఆగుతుంది. అందుచేత జనం తిరిగి రావాలని కోరడం కేవలం వ్యాపార దృష్టి అని ఈసడించడం తప్పు. అన్నాన్నే బ్రహ్మమని తెలుసుకొమ్మని బోధించిన ఉపనిషత్తు ఉన్న సంప్రదాయంలో, క్షేత్రాన్ని నమ్ముకున్నవారి అన్నం క్షేత్రధర్మానికి బయటిది కాజాలదు.

ఆపదలు రావచ్చునని ఆగమకర్తలకు ముందే తెలుసు. వైఖానస, పాంచరాత్ర, శైవ ఆగమాలలో ప్రాయశ్చిత్తానికి ప్రత్యేక భాగాలున్నాయి. పూజ ఎంతకాలం లోపించింది, ఎందుకు లోపించింది అన్నదాన్ని బట్టి చిన్న శాంతి నుంచి సంప్రోక్షణ వరకు, అంటే మంత్రజలంతో ఆలయాన్ని శుద్ధిచేసి తిరిగి పూజార్హం చేయడం వరకు, వాటిలో మెట్లు ఉంటాయి. గర్భాలయాన్ని మరమ్మతు చేయవలసి వస్తే విగ్రహంలోని దైవశక్తిని మంత్రపూర్వకంగా కలశంలోకి ఆవాహన చేస్తారు. దీనికి కళాకర్షణ అని పేరు. పని పూర్తయ్యేదాకా బాలాలయమనే తాత్కాలిక మందిరంలో అర్చన సాగుతుంది. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 మార్చి 28 వరకు, దాదాపు ఆరేళ్లు, నరసింహస్వామి దర్శనం బాలాలయంలోనే జరిగింది. అంతకాలమూ భక్తులు రావడం మానలేదు. రాజగోపురమూ పాత గుహా కనిపించకపోయినా వారికి దర్శనం లోపించలేదంటే, వారు వచ్చింది కట్టడాన్ని చూడడానికి కాదని తేలుతుంది. 2013 జూన్‌లో కేదారనాథ్‌ను వరద ముంచినప్పుడు స్వామి పూజను ఊఖీమఠ్‌లో కొనసాగించి, సెప్టెంబరు 11న తిరిగి కేదారనాథ్‌లో ప్రారంభించారు. యాత్రికులకు దారి ఇంకా సిద్ధం కాని రోజులవి. పునరుద్ధరణలో పూజ ముందు, జనం తరువాత అన్న క్రమం అక్కడ కనిపిస్తుంది.

బౌద్ధం ఈ ప్రశ్నను మరొక వైపు నుంచి చూస్తుంది. ఏడో శతాబ్దంలో ఈ ప్రాంతానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ ధాన్యకటక దేశంలో విహారాలు చాలావరకు పాడుబడి ఉన్నాయని రాశాడు. నగరానికి తూర్పున, పడమరన కొండల మీద ఉన్న పూర్వశైల, అపరశైల సంఘారామాల గురించి అతడు చెప్పినది మరింత ఆసక్తికరం: ఒకప్పుడు ఏటా వర్షావాసానికి, అంటే వానాకాలపు నివాసానికి, వేయిమంది చేరే చోట, కొండదేవతలు రూపాలు మార్చి బాటసారులను భయపెడుతున్నందువల్ల నూరేళ్లుగా భిక్షువులెవరూ ఉండడం లేదట. ఆ కొండలు విజయవాడవా, అమరావతి పరిసరాలవా అన్నది పండితులు తేల్చుకోవలసిన విషయం. భయం ఒక క్షేత్రాన్ని ఖాళీ చేయగలదన్నది మాత్రం ఆ కథనం చెప్పే సత్యం. కొండదేవతల స్థానంలో నేడు వైరస్సు, కొండచరియ, పడవ ప్రమాదం ఉన్నాయి. రాజపోషణ తగ్గడం, వర్తక మార్గాలు మారడం వంటి కారణాలు అప్పుడూ ఉండే ఉంటాయి. జనం మాత్రం వాటిని భయమనే ఒక్క పేరుతోనే జ్ఞాపకం పెట్టుకున్నారు.

అమరావతి స్తూపం తరువాతి చరిత్ర పునరుద్ధరణ అనే భావననే కలవరపెట్టేది. శ్రీలంకలోని గడలాదెనియ శాసనం 1344లో ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో, అంటే అమరావతి ప్రాంతంలో, రెండంతస్తుల విగ్రహగృహాన్ని బాగుచేయించినట్లు చెబుతుంది. అంటే స్థానికంగా బౌద్ధం క్షీణించిన చాలాకాలానికి కూడా సముద్రం అవతలి నుంచి ఒకరు వచ్చి దానిని తమ బాధ్యతగా తీసుకున్నారు. ఆ తరువాత దీర్ఘమైన మౌనం. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిని తన రాజధానిగా కట్టుకుంటున్న రోజుల్లో దిబ్బను తవ్వినప్పుడు శిల్పాలు బయటపడ్డాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వాటిని చూసి, 1816లో తిరిగి వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకూ, వాటిలో చాలా భాగం అక్కడి నుంచి లండన్‌కూ చేరాయి. శిల్పాలను కాపాడినవారూ, స్థలాన్ని ఖాళీ చేసినవారూ ఒక్కరే కావడం ఇందులోని చిక్కు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్షను నిర్వహించినప్పుడు ఎన్నో దేశాల బౌద్ధులు వచ్చారు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలోనే ఉపదేశించాడన్నది టిబెట్ సంప్రదాయంలోని విశ్వాసం. వారు ప్రదక్షిణ చేసింది శిల్పఫలకాలు ఊడిపోయిన మట్టిదిబ్బకు. సర్వమూ అనిత్యమని నమ్మేవారికి ఫలకాలు లేకపోవడం ప్రదక్షిణకు అడ్డం కాలేదు. వారసత్వాన్ని ఆస్తిగా చూసేవారికి అదే పెద్ద లోటు. ఇందులో మొదటి దృష్టిలో ఎక్కువ స్వేచ్ఛ ఉంది, రెండో దృష్టిలో ఎక్కువ న్యాయం ఉంది; ఒకదాని కోసం మరొకదాన్ని వదులుకోనక్కర లేదు. అనిత్యత సత్యమే అయినంత మాత్రాన, తరలిపోయిన శిల్పాల గురించి అడిగే హక్కు పోదు.

సమీపకాలపు కష్టాలకు వస్తే, 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. ప్రాచీన గుహాలయాలకు పేరుపొందిన పేట అది. ఆ మరునాటి నుంచి బుడమేరు వాగు నీరు సింగ్‌నగర్ వంటి ప్రాంతాలను ముంచింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది, ఇది బ్యారేజీ చరిత్రలోనే అత్యధికం. దసరా శరన్నవరాత్రులు అక్టోబరు 3న మొదలయ్యాయి. అంటే ఇళ్లలోంచి బురద తోడిన నగరమే నెల తిరిగేసరికి లక్షలాది భక్తులకు ఆతిథ్యమివ్వవలసి వచ్చింది. ఆ ఉత్సవాన్ని నిరాడంబరంగా చేయాలా, ఎప్పటిలా చేయాలా అన్నది ఏర్పాట్ల సమస్యగా కనిపించినా, నిజానికి అది శోకానికి ఎంత గడువు ఇవ్వాలన్న ధర్మప్రశ్న.

సంప్రదాయంలో దీనికి ఒక కొలత ఉంది. దగ్గరి బంధువు పోతే పది రోజుల పాటు ఆశౌచం, అంటే మైల, పాటిస్తారు. ఆ రోజుల్లో ఆ ఇంటివారు గుడికి వెళ్లరు, పండుగ చేయరు. గుడి ఉన్న వీధిలో శవం ఉంటే దాన్ని తీసేదాకా పూజ ఆపే ఆచారం చాలా పల్లెల్లో ఇప్పటికీ ఉంది. దీన్ని కేవలం శుద్ధి, అశుద్ధుల లెక్కగా చూడనక్కర లేదు. పొరుగింట దుఃఖం ఉన్నప్పుడు దేవుడు కూడా ఆగుతాడన్న మర్యాద ఇందులో ఉంది. అయితే ఆ మర్యాదకు హద్దు కూడా ఉంది. పదకొండో రోజున శుద్ధి జరుగుతుంది, దుఃఖించేవారిని లోకం తిరిగి తనలోకి తీసుకుంటుంది. దుఃఖాన్ని తోసివేసి మర్నాడే ప్రచార చిత్రాలు విడుదల చేయడం ఎంత తప్పో, దుఃఖం పేరుతో ఉత్సవాన్ని నిరవధికంగా ఆపి, దానిమీద ఆధారపడ్డవారిని పస్తులుంచడమూ అంతే తప్పు. 2024లో నెల రోజుల ఎడం పంచాంగం ఇచ్చినదే గాని ఎవరూ ఆలోచించి నిర్ణయించినది కాదు; అయినా అది సరిపోయిందని చెప్పవచ్చు.

ఆపత్కాలంలో ఆచారాన్ని ఎంత సడలించవచ్చు అన్నదానికి మహాభారత శాంతిపర్వంలో ఆపద్ధర్మమనే ఉపపర్వమే ఉంది. మీమాంస దీన్ని మరింత సూక్ష్మంగా, ప్రతినిధి అనే భావనతో చర్చించింది. యాగానికి విధించిన ద్రవ్యం దొరకనప్పుడు దానికి సాటి అయిన మరో ద్రవ్యాన్ని వాడవచ్చు. ఆ రెండో ద్రవ్యమే ప్రతినిధి. కానీ జైమిని సూత్రాల ఆరో అధ్యాయం ప్రకారం దేవతకు, అగ్నికి, మంత్రానికి, క్రియకు ప్రతినిధి లేదు. ఫలం కోరి యాగం చేసే యజమానికి కూడా లేదు. దీనికి ఒక మినహాయింపు ఉంది: పదిహేడు మందికి తక్కువ కాకుండా అందరూ యజమానులై చేసే సత్రయాగంలో మధ్యలో ఒకరు మరణిస్తే, సంఖ్య పూరించడానికి మరొకరిని చేర్చుకోవచ్చు. సామూహిక కర్మ ఒక వ్యక్తి లోపంతో ఆగిపోకూడదన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

ఈ కొలతతో చూస్తే కోవిడ్, వరదల కాలపు మార్పులలో ఏవి సమర్థనీయమో చాలావరకు తెలుస్తుంది. కృష్ణలో ప్రవాహం ఉధృతంగా ఉన్న సంవత్సరాల్లో దుర్గామల్లేశ్వరుల తెప్పోత్సవాన్ని హంసవాహనం నదిలో తిప్పకుండా ఒడ్డునే నిలిపి జరిపారు. ఇది ద్రవ్యంలోనూ విధానంలోనూ సడలింపే గాని కర్మ లోపం కాదు. టీవీలోనో ఫోనులోనో దర్శనం చూపడం కూడా అటువంటిదే. పరోక్ష సేవ విషయం వేరు. భక్తుడు రాకుండానే రుసుము చెల్లించి గోత్రనామాలు పంపితే అర్చకుడు అతడి పేర పూజ చేసే ఈ పద్ధతి, అతడు రాలేని రోజుల్లో ఆపద్ధర్మం. రాగలిగిన రోజుల్లో కూడా అదే కొనసాగితే యజమాని స్థానంలో రసీదు కూర్చున్నట్లవుతుంది. ముఖ్యకల్పాన్ని, అంటే అసలు విధిని, ఆచరించగల శక్తి ఉండి కూడా అనుకల్పంతో, అంటే రెండో దారితో, సరిపెట్టుకున్నవాడికి ఫలం దక్కదని మనుస్మృతి పదకొండో అధ్యాయం చెబుతుంది. అయితే ఆపద అందరికీ ఒకే రోజున ముగియదు. మోకాళ్లు పడిపోయిన వృద్ధురాలికి, సెలవు దొరకని ప్రవాసికి, చార్జీలకు డబ్బు లేని కూలీకి అది ముగియనే లేదు; వారికి పరోక్ష సేవ ఇప్పటికీ ధర్మమే, దానికి రుసుము తీసుకోకపోవడం మరింత ధర్మం.

ఇక మిగిలినది అన్నిటికంటే కష్టమైన విషయం. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజే రాజమహేంద్రవరంలో తొక్కిసలాట జరిగి భక్తులు ప్రాణాలు కోల్పోయారు; పుష్కరం మాత్రం పన్నెండు రోజులూ సాగింది, జనం వస్తూనే ఉన్నారు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గరి పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో ఇంకా పెద్ద ప్రమాదం జరిగింది. విహార పర్యాటకుడు ఇలాంటి వార్త వింటే ప్రయాణం మానుకుంటాడు, భక్తుడు మానుకోడు. పర్యాటక పరిశ్రమ దీన్ని పుణ్యక్షేత్రాల బలంగా, త్వరగా కోలుకునే గుణంగా మెచ్చుకుంటుంది. ఆ మెప్పులో ప్రమాదం ఉంది. భక్తుడు ఎలాగైనా వస్తాడన్న నమ్మకం నిర్వాహకుడికి నిర్లక్ష్యాన్ని నేర్పుతుంది. తీర్థంలో పోతే పుణ్యలోకమే అన్న మాట ఆ నిర్లక్ష్యానికి ముసుగు వేస్తుంది. తీర్థమరణ ఫలం గురించి పురాణాలు చెప్పినది మరణించినవాడి ఊరట కోసం. లెక్కకు మించి జనాన్ని ఎక్కించిన పడవ యజమానికి, గేటు మూయని అధికారికి అది సమాధానం కాదు. కర్మఫలం బాధితుడి పూర్వజన్మకు మాత్రమే వర్తించి, నిర్వాహకుడి ఈ జన్మకు వర్తించదని ఏ శాస్త్రమూ చెప్పలేదు. భక్తుల నమ్మకం ఎంత గట్టిదైతే నిర్వాహకుల బాధ్యత అంత ఎక్కువ. తిరిగి వచ్చిన జనసంఖ్య ఆ బాధ్యత నెరవేరిందనడానికి సాక్ష్యం కాదు.

బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించే 2028లో కృష్ణా పుష్కరాలు వస్తాయి. 2016 పుష్కరాల తరువాత ఈ తీరానికి అదే అతి పెద్ద జనసందోహం. ఏ ఘాట్‌లో ఒక్కసారికి ఎంతమంది దిగవచ్చో, ఎంత ప్రవాహం దాటితే స్నానాలు ఆపుతారో, ఏ కొండచరియ కింద క్యూ నిలపకూడదో, ఆ రోజుల్లో పని ఆగిపోతే క్షురకులకూ పడవవారికీ ఏమి చెల్లిస్తారో దేవాదాయ శాఖ, జలవనరుల శాఖ, కొండపావులూరు సంస్థ కలిసి ఇప్పుడే నిర్ణయించి, పంచాంగాలలో స్నాన ముహూర్తాలు అచ్చయ్యేలోగా ఆ నిర్ణయాలను కూడా తెలుగులో ప్రచురించాలి.